ఎడమ కాలి ఆట నేర్పిన పంతులు

*వరుసగా ఐదు రోవర్స్ కప్పులు, రెండు ఆసియా స్వర్ణాలు, ఒక ఒలింపిక్ సెమీఫైనల్. ఇవన్నీ హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం నడిపిన జట్లు తెచ్చినవే. జూన్ 11న ప్రపంచ కప్పు మొదలవుతోంది. ఆయన కన్నుమూసిందీ జూన్ 11నే.*

మార్చి నెల, పొద్దు గూకే వేళ. పోచంపాడ్‌లో ప్రాజెక్టు కట్ట మీది నుంచి గాలి చల్లగానే దిగుతోంది. ఊళ్లోకి వచ్చేసరికి దానికి ఉడికిన పసుపు వాసన అంటుకుంటోంది. పాత క్వార్టర్ల పక్కన ఖాళీ జాగాలో సగం దాకా పసుపు ఆరబోశారు. మిగిలిన సగంలో ఇరవై మంది పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. బూట్లున్నవాళ్లు నలుగురో ఐదుగురో. గోలు స్తంభాల బదులు రెండు వైపులా రెండేసి స్కూలు బ్యాగులు పెట్టుకున్నారు.

ఆట చూస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. బంతి సరిగ్గా కుడి కాలి ముందుకొచ్చినా పిల్లలు తన్నడం లేదు. ఒళ్లంతా తిప్పుకుని, తడబడి, ఎడమ కాలు ముందుకు తెచ్చుకుని అప్పుడు తన్నుతున్నారు. కొందరు బొక్కబోర్లా పడుతున్నారు. ఖాళీ గోలు ఎదురుగా ఉన్నా ఓ పిల్లాడు కుడి కాలెత్తి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. ఈలోగా బంతి ఎవరో లాక్కుపోయారు.

ఈల మోగింది. "కుడి కాలు తాకిచ్చినవ్ రా. ఫౌల్!" అని అరిచారు పీఈటీ సారు.

ఇదేం ఆట సార్ అని అడిగాను. ఆయన నవ్వారు. "వారంల ఒక దినం గంతే సార్. కుడి కాలు బంద్. మా సారు మాకు గిట్లనే ఆడిపిచ్చిండు. ఆయనకు ఎవరు నేర్పిండ్రో నాకెర్క లేదు."

ఇంతలో బంతి వెళ్లి ఆరబోసిన పసుపులో పడింది. కాపలాగా కూర్చున్న అవ్వ లేచింది. "మీ బాల్ పాడుగాను! కాడి పసుపంత తొక్కుతరేంద్రా!" బంతి తిరిగొచ్చేసరికి ఒక పక్క పచ్చగా మారిపోయింది.

బలహీనమైన కాలితోనే ఆడాలనే ఈ షరతు చూడగానే నాకు ఒక్క పేరే మనసులో మెదిలింది. డెబ్బై ఏళ్ల కిందట హైదరాబాద్ మైదానాల్లో ఇలాంటి పోటీలే పెట్టిన మనిషి పేరది. భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఆయనంత సాధించిన కోచ్ మరొకరు లేరు. సొంత రాష్ట్రంలో ఆ పేరు తెలిసినవాళ్లు మాత్రం, 2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చేదాకా, చాలా తక్కువ.

నల్లబల్ల నుంచి మైదానానికి

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ జట్టుకే ఆడారు. వృత్తికి పంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు... ఇలా బడి నుంచి బడికి మారారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాక పిల్లల ఆటల బాధ్యత కూడా ఆయన మీదే పడింది. సాయంత్రాలు కమర్ క్లబ్బుకు ఆడేవారు.

ఆయనకు అబ్బిన విద్యలన్నింటికీ మూలం బడే అని నాకనిపిస్తుంది. పాఠం అర్థం కాని పిల్లాడిని కసిరితే ఇంకా బిగుసుకుపోతాడని పంతులుకు తెలుసు. ఒకే లెక్కను నాలుగు రకాలుగా చెబితే గానీ క్లాసంతా అందుకోదనీ తెలుసు. రహీం సాబ్ దగ్గర ఆడినవాళ్లు ముసలితనంలో కూడా ముందుగా చెప్పుకున్నది ఆయన ఎత్తుగడల గురించి కాదు, మాట గురించి. ఆట మధ్య విరామంలో ఆయన రెండు మాటలు చెబితే అలిసిపోయిన కాళ్లలోకి బలం వచ్చేదట.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు. అప్పటికే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు మంచి పేరుంది. ఫ్రూవాల్ అనే కోచ్ దానికి పునాది వేశారు. 1950లో ఆ జట్టు రహీం చేతికొచ్చింది.

ఆ ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పూ గెలిచారు. 1951లో మళ్లీ రోవర్స్. 1952, 1953, 1954... వరుసగా ఐదేళ్లు ఆ కప్పు బొంబాయి నుంచి రైలెక్కి హైదరాబాద్ వచ్చేది. 1954, 1957లో డ్యూరాండ్ కూడా మళ్లీ వచ్చింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తర్వాత అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో మరోసారి ఆ కప్పు నెగ్గింది. ఇక రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా రెండుసార్లు హైదరాబాదే గెలుచుకుంది.

కలకత్తాలో ఫుట్‌బాల్ అంటే పిచ్చి. క్లబ్బులకు డబ్బుంది, వేలమంది జనముంది. ఇక్కడ ఉన్నది కానిస్టేబుళ్లు, బడి పిల్లలు, బస్తీ కుర్రాళ్లు, గులకరాళ్ల నేల. ఆ నేలే ఆటను తీర్చిందేమోనని నా ఊహ. బెంగాల్ బురదలో బంతి ఆగిపోతుంది, ఇక్కడి గట్టి నేల మీద ఎగిరి చేయిదాటిపోతుంది. దాన్ని అదుపులో పెట్టాలంటే నేలబారున, చిన్న చిన్న పాసులతో, ఒకరి నుంచి ఒకరికి వెంటవెంటనే అందించుకోవాలి. హైదరాబాద్ ఆటంటే దేశమంతా గుర్తుపట్టింది ఈ అల్లికనే.

> రహీం సాబ్ పెట్టిన పోటీలు
>
> • బలహీన కాలి పోటీ: కుడి కాలి వాటం ఉన్నవాళ్లు ఎడమతోనే ఆడాలి, ఎడమ వాటం ఉన్నవాళ్లు కుడితోనే.
>
> • డ్రిబ్లింగ్ లేని పోటీ: బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని తిప్పకూడదు. వచ్చింది వచ్చినట్టు అందించాలి. ఎవరికివ్వాలో బంతి రాకముందే చూసుకోవాల్సి వస్తుంది.
>
> • పొట్టి పిల్లల పోటీ: ఎత్తు కొలిచి, ఒక హద్దు దాటినవాళ్లను తీసుకునేవారు కాదు. ఒళ్లు పెరగకముందే ఆట నేర్పాలన్నది ఉద్దేశం.

అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రాడు

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తుళసీదాస్ బలరాం అనే కుర్రాడు ఉండేవాడు. తమిళ కుటుంబం, పేదరికం. పాత పోలీసు బూట్లను తెచ్చి, చెప్పులు కుట్టే ఆయనతో ఆటకు పనికొచ్చేలా కుట్టించుకున్నాడట. ఆ కుర్రాడి ఆట రహీం కంట పడింది. హైదరాబాద్ వచ్చి సెలక్షన్లకు నిలబడమన్నారు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు నీళ్లు నమిలితే, సైకిలు కిరాయి తానిస్తానన్నారని అప్పటివాళ్లు చెప్పుకుంటారు.

ఆ బలరామే 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఆడాడు. రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... ఆ ముగ్గురి పేర్లూ భారత ఫుట్‌బాల్‌లో ఒక్క ఊపిరిలో పలికే పేర్లు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు.

కోచ్ సాధించిన విజయాల పట్టికలో సైకిలు కిరాయికి చోటుండదు. నాకు మాత్రం కప్పులన్నిటి కంటే అదే ముందు గుర్తొస్తుంది. ఆర్మూర్ చుట్టుపక్కల తండాల్లో ఈరోజుకీ ఎంతమంది పిల్లలు బస్సు చార్జీ దగ్గరే ఆగిపోతున్నారో పీఈటీ సార్లను అడిగితే చెబుతారు.

పది గోల్స్ నేర్పిన పాఠం

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. భారత జట్టుకు రహీం కోచ్, శైలెన్ మన్నా కెప్టెన్. నెహ్రూ చూస్తుండగా ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించారు. గోలు కొట్టింది సాహూ మేవాలాల్. స్వతంత్ర దేశానికి ఫుట్‌బాల్‌లో తొలి బంగారు పతకం.

ఏడాది తిరగ్గానే హెల్సింకి ఒలింపిక్స్. చలి. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. యుగొస్లావియా 10-1తో చిత్తు చేసింది.

అంత ఓటమి తర్వాత కోచ్‌ను పంపించేయడం మామూలే. రహీం మిగిలారు, ఆ ఓటమిని కూర్చుని చదివారు. దాని తర్వాతే భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. 1953 నవంబరులో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ను వాళ్ల సొంత వెంబ్లీలోనే 6-3తో ఓడించి లోకాన్ని నివ్వెరపరిచింది. ఆ ఆటలోని కిటుకును రహీం పట్టుకున్నారు. ముందు నిలబడి గోలు కోసం కాచుకోవాల్సిన ఆటగాణ్ని కాస్త వెనక్కి లాగితే, అతన్ని కాచేవాడు ఎటు పోవాలో తెలియక దారి ఇస్తాడు. కిటుకంతా అంతే. నలుగురు వెనక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు నిలిచే పద్ధతి 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచాక లోకమంతా పాకింది. అంతకు రెండేళ్ల ముందే మెల్‌బోర్న్‌లో మనవాళ్ల ఆటలో దాని పోకడ కనిపించింది.

రహీం దగ్గర నేర్చుకున్న ఆల్బెర్టో ఫెర్నాండో 1964లో శిక్షణ కోసం బ్రెజిల్ వెళ్లారు. అక్కడ చెప్పిన పాఠాలు విని, ఇవన్నీ మాకు రహీం 1956లోనే నేర్పారు కదా అన్నారట.

మెల్‌బోర్న్ మాట రెండు ముక్కల్లో చెబుతాను. హంగరీ తప్పుకోవడంతో తొలి రౌండు ఆడే పని లేకపోయింది. డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావే. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు ఆయన. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో అదే యుగొస్లావియా. ఈసారి తొలి గోలు మనం కొట్టాం. చివరికి 4-1తో ఓడినా, హెల్సింకి పది గోల్స్ గుర్తున్నవాళ్లకు అది వేరే దేశం జట్టులా కనిపించి ఉంటుంది. కాంస్య పోరులో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం... అందరూ హైదరాబాద్ నీళ్లు తాగినవాళ్లే.

జకార్తా, 1962 సెప్టెంబరు 4

ఆ రోజు గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

నాలుగో ఆసియా క్రీడలు ఇండోనేషియాలో జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఆ దేశం రానివ్వలేదు. భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ దాన్ని తప్పుపట్టడంతో జకార్తా జనానికి భారతీయులంటే ఒళ్లు మండిపోయింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆటగాళ్లు బస్సులో తలలు వంచుకుని మైదానానికి వెళ్లాల్సి వచ్చింది.

రహీంకు వచ్చిన చిక్కులు అంతటితో ఆగలేదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు గానీ, ఆ మ్యాచ్‌లో వెనక గోడలా నిలిచే జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా ఒంట్లో బాగుండక కొన్ని మ్యాచ్‌లు బయటే కూర్చున్నాడు. జపాన్ మీద 2-0తో నెగ్గి సెమీస్ చేరారు. ఎదురుగా దక్షిణ వియత్నాం.

అప్పుడు రహీం ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కుట్లున్న జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందు వరుసలో నిలబెట్టారు. రక్షించే చోట పదేపదే తలతో బంతిని కొట్టాలి, కుట్లు ఊడతాయి. అలాగని అంత బలమైన మనిషిని కూర్చోబెట్టలేరు. ఇన్నాళ్లూ గోల్స్ ఆపినవాడిని గోల్స్ కొట్టడానికి పంపారు. కుర్రాడికి రెండో కాలు కూడా పనిచెయ్యాలని చిన్నప్పుడే నేర్పాలనుకునే పంతులుకే ఇలాంటి ఆలోచన తడుతుంది. జర్నైల్ సెమీస్‌లో గోలు కొట్టాడు. జట్టు 3-2తో గట్టెక్కింది.

ఫైనల్‌కు ముందు రాత్రి ఆటగాళ్లకు నిద్ర లేదు. బయట జనం అరుపులు, లోపల భయం. రహీం వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. ఎత్తుగడలేమీ ఎత్తలేదట. రేపు మీ దగ్గర నాకొక కానుక కావాలి, ఆ బంగారు పతకం తెచ్చివ్వండి అని అడిగారని పీకే బెనర్జీ చివరిదాకా గుర్తుచేసుకునేవారు. అప్పటికే ఆయనను దగ్గు పట్టి పీడిస్తోంది. సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చే అలవాటు. ఊపిరితిత్తుల్లో జబ్బు ముదురుతోంది.

మర్నాడు సెనాయన్ స్టేడియంలో లక్షమంది. భారత్ పేరు వినిపిస్తే చాలు ఈలలు, తిట్లు. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో ఓడించిన కొరియానే. 17వ నిమిషంలో పీకే గోలు కొట్టాడు. మూడు నిమిషాలకే జర్నైల్ సింగ్ రెండోది. తంగరాజ్ తిరిగొచ్చి గోలు ముందు నిలబడ్డాడు. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చింది. తర్వాతి కొద్ది నిమిషాలు ఎలా గడిచాయో ఆడినవాళ్లకే తెలుసు. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి జట్టు బంగారు పతకం అందుకుంది.

ఆ గోలలో మనవాళ్లకు చప్పట్లు కొట్టింది స్టేడియంలో ఒక మూల కూర్చున్న పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని ఆ జట్టువాళ్లు తర్వాత ఎన్నోసార్లు చెప్పారు.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మరో బంగారం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే చివరిది. అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ వాడే.

నలభై ఐదు రోజుల తేడా

జకార్తా నుంచి వచ్చాక రహీం మంచం పట్టారు. 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

సరిగ్గా నలభై ఐదు రోజులకు, జూలై 26న, నెహ్రూ ఇక్కడికి, పోచంపాడ్‌కు వచ్చారు. గోదావరి మీద ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. ఢిల్లీలో రహీం జట్టు తొలి బంగారు పతకం గెలవడం చూసిన నెహ్రూయే. ఈ రెండు తేదీల మధ్య చుట్టరికం ఏమీ లేదు, నాకు తెలుసు. అయినా కట్ట మీద నిలబడ్డప్పుడల్లా ఒక ఆలోచన వస్తుంది. ఆ రాయి మీద 42 గేట్ల ఆనకట్ట లేచింది. కాకతీయ, సరస్వతి, లక్ష్మి కాలువలు పారాయి. ఈ పసుపు, ఎర్రజొన్న, మక్క అన్నీ ఆ నీళ్లవే. రహీం కట్టింది కూడా అంత పెద్దదే. దానికి కాలువలు తవ్వినవాళ్లు లేరు.

ఆయన పద్ధతులను పాఠ్యంగా రాసి పెట్టిన బడి లేదు. ఆయన పేరున అకాడమీ రాలేదు. పద్మ పురస్కారం రాలేదు. ద్రోణాచార్య పురస్కారం మొదలయ్యేసరికే, 1985లో, ఆయన పోయి 22 ఏళ్లయింది. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం తండ్రి బాటలోనే నడిచారు. రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. ఆయనా 2021 ఆగస్టులో వెళ్లిపోయారు.

> తేదీల్లో రహీం
>
> 1909: జననం, హైదరాబాద్
>
> 1943: హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి
>
> 1950–54: సిటీ పోలీస్‌కు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు
>
> 1951: ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం
>
> 1956: మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం
>
> 1960: రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా
>
> 1962: జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం
>
> 1963: జూన్ 11న మరణం

ఇంకో పంతులు, పుట్టింది జూన్ 11న

ఈసారి ప్రపంచ కప్పు అమెరికా, కెనడా, మెక్సికో కలిసి నిర్వహిస్తున్నాయి. మొత్తం 48 దేశాలు. అన్నిటికంటే ఎక్కువ మ్యాచ్‌లు, తొమ్మిది, మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ డాలస్ ప్రాంతానికే దక్కాయి. ఆ స్టేడియం అసలు వేరే ఆటది. అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట అది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. అడుగడుగునా కోచ్ ఎత్తు వేస్తాడు, ఆటగాళ్లు దాన్ని ఆడతారు. అందుకే అక్కడ కోచ్ అంటే ఆటగాడితో సమానమైన పేరు.

ఆ ఆటలో అందరూ తలుచుకునే కోచ్ విన్స్ లొంబార్డి. ఆయనా పంతులే. న్యూజెర్సీలో ఒక హైస్కూల్లో భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, లాటిన్ చెప్పేవారు. పుట్టింది 1913 జూన్ 11న. ఆయనకు యాభై నిండిన రోజే ఇక్కడ రహీం పోయారు. 1959లో లొంబార్డి చేతికొచ్చిన జట్టు గ్రీన్‌బే ప్యాకర్స్. ముందటేడు 12 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటే. ఆయన వచ్చాక తొమ్మిదేళ్లలో ఐదుసార్లు ఛాంపియన్ అయింది. 1961, 1962, 1965, 1966, 1967. రహీంకు ఐదు రోవర్స్ కప్పులు, లొంబార్డికి ఐదు టైటిళ్లు. 1970లో 57వ ఏట లొంబార్డినీ క్యాన్సరే తీసుకుపోయింది.

పోలిక అక్కడితో ఆగిపోతుంది. లొంబార్డి పోగానే ఆ ఆటలో అన్నిటికంటే పెద్ద కప్పుకు ఆయన పేరు పెట్టారు. ఏటా సూపర్ బౌల్ గెలిచినవాళ్లు చేతుల్లోకెత్తి ముద్దు పెట్టుకునేది లొంబార్డి ట్రోఫీనే.

గ్రీన్‌బే లక్షకు కాస్త పైబడి జనమున్న చిన్న ఊరు. మహానగరాల జట్ల మధ్య అది నేటికీ నిలబడి ఉందంటే కారణం, ఆ జట్టుకు యజమాని అంటూ ఒక సేటు లేడు. ఐదు లక్షల మందికి పైగా మామూలు జనం వాటాదారులు. వాటా మీద లాభం రాదు, అమ్ముకోవడానికీ కుదరదు. ఊరి జట్టు ఊరు దాటిపోకూడదని కొంటారంతే.

మన హైదరాబాద్ సంగతి చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. స్పానిష్ కోచ్ మనోలో మార్కెజ్ ఆధ్వర్యంలో 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రహీం ఊరికి పాత రోజులొచ్చాయని మురిసిపోయాం. తర్వాత జీతాల కష్టాలు, అప్పులు. 2025లో యాజమాన్యం ఆ జట్టును పేరు మార్చి ఢిల్లీకి తీసుకుపోయింది. అడ్డుపడే హక్కు ఊళ్లో ఒక్కరికీ లేదు.

ఎక్కడ ఆగింది?

ఆటస్థలం పక్కన హోటల్లో చాయ్ తాగుతుంటే ఒకాయన కలిశాడు. ఖతార్‌లో తొమ్మిదేళ్లు సెంట్రింగ్ పని చేసి వచ్చాడు. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్ పోని ఇల్లు అరుదు. 2022 ప్రపంచ కప్పుకు అక్కడ లేచిన స్టేడియాల్లో ఈ వైపు కూలీల చెమట కూడా ఉంది. "లుసైల్ స్టేడియంల పని చేసిన సార్. గండ్లనే మెస్సీ కప్పెత్తిండు. మా రూంల అందరం టీవీల చూసినం" అన్నాడు. కాసేపాగి అడిగాడు. "మనోళ్లు ఎప్పుడాడుతరు సార్ అండ్ల?"

48 దేశాలకు చోటిచ్చిన ఈసారి కూడా మనం లేం. ప్రపంచ కప్పు మాట అటుంచండి, 2027 ఆసియా కప్పుకు కూడా పురుషుల జట్టు అర్హత సాధించలేకపోయింది. 2025 అక్టోబరులో గోవాలో, సొంత గడ్డ మీద, సింగపూర్ చేతిలో 2-1తో ఓడి దారి మూసుకుంది.

కారణాలు చెప్పుకుంటూ పోతే చాలా. లోకమంతా 90 నిమిషాలు ఆడుతుంటే 1970ల దాకా మన దేశవాళీ పోటీలు 70 నిమిషాలే. హైదరాబాద్ కుర్రాళ్లు డబ్బు కోసం కలకత్తా బాట పట్టారు, పోలీసు జట్టు పలచబడింది. 1983 తర్వాత క్రికెట్ అన్నిటినీ కప్పేసింది. ఇవన్నీ నిజాలే. నా మటుకు అసలు దెబ్బ వేరే చోట తగిలింది. రహీం పని దేశం జట్టుతో మొదలవలేదు, బడి గ్రౌండ్‌లో పొట్టి పిల్లల పోటీతో మొదలైంది. ఆయన తర్వాత దేశం జట్టుకు విదేశీ కోచ్‌లు ఎందరో వచ్చారు, లక్షలు పుచ్చుకున్నారు, వెళ్లారు. కింద బడిలో ఈల పట్టుకుని నిలబడాల్సిన మనిషి కుర్చీ మాత్రం ఎన్నో చోట్ల ఖాళీగానే ఉండిపోయింది. గ్రౌండు ఉన్న బడిలో సారు లేడు, సారున్న బడిలో గ్రౌండు లేదు.

సారు ఉన్నచోట ఏం జరుగుతుందో ఈ జిల్లాయే చూపించింది. నిజామాబాద్‌లో గ్లవ్స్ తొడుక్కున్న నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. ఈ జిల్లా తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇక్కడి మైదానాల్లోనే బంతి తన్నడం నేర్చి, 2022లో క్రొయేషియాలోని దినమో జాగ్రెబ్ జట్టుకు ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో మహిళల లీగ్ గెలిచింది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. పురుషులు చేరలేని ఆసియా కప్పుకు మహిళల జట్టు 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించి అర్హత సాధించింది. ఆ అర్హత పోటీల్లో సౌమ్య గోల్స్ కూడా ఉన్నాయి.

మళ్లీ గ్రౌండ్‌కు

చీకటి పడుతోంది. పీఈటీ సారుకు రహీం కథ చెప్పాను. ఈల చేతిలో తిప్పుకుంటూ విన్నారు. మధ్యలో రెండుసార్లు "మన హైదరాబాదాయనేనా?" అని అడిగారు. డ్రిబ్లింగ్ లేని పోటీ మాట చెప్పగానే ఆయన చూపు పిల్లల మీదికి పోయింది.

అక్కడ ఒక అమ్మాయి, జడలు రెండూ వెనక్కి ముడేసుకున్నది, బంతి వెంట ఉరుకుతోంది. బంతి కుడి వైపు పడింది. ఈసారి తడబడలేదు. రెండడుగులు చిన్నగా వేసి, ఒంటిని తిప్పి, ఎడమ కాలితో తన్నింది. బంతి రెండు బ్యాగుల నడుమ నుంచి దూసుకుపోయి పసుపు కుప్ప మీద ఆగింది. పిల్లలంతా ఒక్కసారి గోలు గోలు అని అరిచి, అవ్వను చూసి గప్‌చుప్ అయ్యారు.

అవ్వ లేచింది. బంతిని తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, వాళ్ల వైపు దొర్లించింది.

సారు ఈల ఊది అందరినీ దగ్గరికి పిలిచారు. "ఇనుండ్రి. రేపటి సంది ఇంకో కొత్త ఆట. బాల్ తిప్పుడు బంద్. వచ్చింది వచ్చినట్టు పాసియ్యాలె. ఎవనికియ్యాల్నో బాల్ రాకముందే సూసుకోవాలె."